తీగమీద తెలుగు పుస్తకము: దాని బరువెంత?

2003వ సంవత్సరమున నాటి రాష్ట్రపతి ఎ.పి.జె. అబ్దుల్ కలాం ప్రారంభించిన ‘డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా’ను గూర్చి తెలుగువారిలో జరిగిన చర్చ తక్కువది కాదు. ఎన్ని పుస్తకములు ఎక్కినవి, ఏ పుటలు తప్పిపోయినవి, గ్రంథముల పేర్లను రోమను లిపిలో ఎంత వికృతముగా వ్రాసినారు, ఇట్టి విషయములపై విమర్శకులు వలసినంత చెప్పినారు. కాని ఆ గ్రంథాలయమును ఒక యంత్రముగా భావించి, ఒక పుస్తకమును పాఠకునికి అందించుటకు అది తీగలపై మోయవలసిన బరువెంత, అందులో అవసరమైనదెంత, వృథా అయినదెంత అని విచారించినవారు అరుదు. భౌతికశాస్త్రము చదివినవారు ఒక యంత్రమును చూడగానే మొదట అడుగు ప్రశ్న దాని దక్షత ఎంత యనునదే కదా. ఆ ప్రశ్నను ఇక్కడ కూడ అడుగవలసియున్నది.

ఈ గ్రంథాలయమునకు మూలము ‘మిలియన్ బుక్ ప్రాజెక్టు’. చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించి, 1994లో ట్యూరింగ్ బహుమానము నందుకొన్న రాజ్ రెడ్డి దానికి నాయకుడు. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయము, మనదేశపు సంస్థలు, చైనా దేశపు సంస్థలు కలిసి పనిచేయగా 2007 నాటికి 15 లక్షలకు మించిన పుస్తకములకు ఛాయాచిత్రములు తీయుట ముగిసినది. బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సు, హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ మన భాగమునకు ముఖ్య కేంద్రములు. వేలకొలది తెలుగు గ్రంథములు, మరల అచ్చు కాని పత్రికలు, జీర్ణించిపోవుచున్న వ్యాకరణములు ఈ ప్రయత్నమువలననే నిలిచినవి. ఈ మేలును ముందుగా ఒప్పుకొనని విమర్శ విమర్శ కాదు. అయితే పుస్తకమును నిలుపుట ఒకటి, దానిని పంపుట మరియొకటి. మొదటి పనిలో చూపిన దూరదృష్టి రెండవ పనిలో కనబడదు.

పంపుటకగు వ్యయము ఎట్లు లెక్కింపబడునో ముందు తెలిసికొనవలెను. గోపాలపట్నమునకు సమీపమున మేఘాద్రిగెడ్డ జలాశయమున్నది. విశాఖపట్టణమునకు త్రాగునీరు దానినుండియు పోవుచున్నది. ఆ నీటిని గూర్చి రెండు వేర్వేరు ప్రశ్నలు వేయవచ్చును. గొట్టము ఎంత వెడల్పు? నెలలో ఎంత నీరు పోయినది? మొదటిది బ్యాండ్‌విడ్తు. దానిని సెకనుకు ఇన్ని మెగాబిట్లని చెప్పుదురు. రెండవది బదిలీ. దానిని గిగాబైట్లలో, టెరాబైట్లలో చెప్పుదురు. వాడుకలో రెంటిని కలిపి ‘బ్యాండ్‌విడ్తు’ అనుట పరిపాటియైనది. ఆ కలగాపులగమువలన డబ్బు నష్టపోయినవారు కలరు.

ఒక సంస్థ తన ఉపయోగమునకే ఒక కంప్యూటరును పూర్తిగా అద్దెకు తీసికొన్నచో దానిని డెడికేటెడ్ సర్వరు అందురు. అద్దెలో నెలకు ఇన్ని టెరాబైట్ల బదిలీ చేరియుండును. మించినదానికి వేరుగా చెల్లింపవలెను. నెలకు 1 టెరాబైటు అన్నచో వినుటకు గొప్పగా నుండును. 30 దినములలో 25,92,000 సెకనులు కలవు. 1 టెరాబైటు అనగా 8 లక్షల కోట్ల బిట్లు. భాగించి చూడుడు. సగటున సెకనుకు సుమారు 3 మెగాబిట్లు మాత్రమే వచ్చును. సెకనుకు 100 మెగాబిట్ల గొట్టమును నెల యంతయు పూర్తిగా తెరచి యుంచినచో 32 టెరాబైట్లకు పైగా పోవును.

పెద్ద ఒప్పందములలో మరియొక పద్ధతి యున్నది. అయిదేసి నిమిషముల కొకమారు రాకపోకల వేగమును కొలిచి వ్రాసికొందురు. 30 దినముల నెలకు 8,640 కొలతలు వచ్చును. వానిని అవరోహణక్రమమున పేర్చి, పైనున్న నూటికి అయిదు, అనగా 432 కొలతలను, కొట్టివేయుదురు. ఆ తరువాత నిలిచిన పెద్ద కొలతకు వెల కట్టుదురు. 432 కొలతలనగా 36 గంటలు. నెలలో 36 గంటలవరకు ఎంత రద్దీ వచ్చినను లెక్కలోనికి రాదు. 37వ గంట నుండి మాత్రము ఆ రద్దీయే నెల మొత్తమునకు వెల నిర్ణయించును. పెద్ద కర్మాగారములకు విద్యుచ్ఛక్తి అమ్మునపుడు గరిష్ఠ డిమాండును లెక్కించు ఆచారమున్నది. అక్కడ నెలలో వచ్చిన ఒక్క శిఖరమునకు కూడ మూల్యము చెల్లింపవలెను. ఇక్కడ కొంత క్షమ యున్నది.

ఇప్పుడు గ్రంథాలయము సంగతి. ప్రతి పుటను అంగుళమునకు 600 చుక్కల చొప్పున, నలుపు తెలుపులలో తీసి, ‘టిఫ్’ అను దస్త్రముగా భద్రపరచినారు. 5 అంగుళముల వెడల్పు, 8 అంగుళముల పొడవు గల పుటకు 3,000 చుక్కలు అడ్డముగను, 4,800 నిలువుగను వచ్చును. మొత్తము 1 కోటి 44 లక్షల చుక్కలు. చుక్క కొక బిట్టు చొప్పున 18 లక్షల బైట్లు. ఇంత బరువును ఉన్నదున్నట్లు పంపలేదు. ఫాక్సు యంత్రముల కొరకు 1984లో ప్రమాణముగా ఏర్పరచిన ‘గ్రూపు 4’ పద్ధతిలో అదిమినారు. ఆ పద్ధతి తెలివైనది. అచ్చు పుటలో ఒక వరుస చుక్కలు పై వరుసను చాలవరకు పోలియుండును. ‘క’ తలకట్టు ఈ వరుసలో ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసినదో, క్రింది వరుసలోను ఇంచుమించు అక్కడనే యుండును. కనుక ప్రతి వరుసను మరల చెప్పక, పై వరుసకును దీనికిని గల భేదమును మాత్రమే చెప్పిన చాలును. తెల్లని అంచులకు దాదాపు ఖర్చే లేదు. ఈ ఉపాయముతో సామాన్యమైన పుట 100 కిలోబైట్ల ప్రాంతమునకు దిగును. అక్షరమొక్కటియు చెడకుండ పదునెనిమిదవ వంతుకు తగ్గుట చిన్న విషయము కాదు. ఇంతవరకు ఆ ఇంజనీర్ల పని మెచ్చదగినది.

చిక్కు దీని తరువాత వచ్చినది. భద్రపరచుటకు చేసిన దస్త్రమునే చదువుటకు కూడ పంపినారు. ధాన్యపు కొట్టునకును వంటయింటికిని భేదముండవలెను కదా. భావితరముల కొరకు 600 చుక్కలు న్యాయమే. చదువరి ముందున్న తెర అడ్డముగా వేయి చుక్కలకు కొంచెము అటునిటుగా చూపునపుడు 3,000 చుక్కలు పంపుట ఏల? పంపు ప్రతిని అంగుళమునకు 200 చుక్కలకు తగ్గించినచో చుక్కల సంఖ్య తొమ్మిదవ వంతు అగును. అయితే గ్రూపు 4 పద్ధతిలో బరువు తొమ్మిదవ వంతుకు దిగదు. ఆ బరువు వైశాల్యమును బట్టి గాక, నలుపు తెలుపులు కలియు అంచుల పొడవును బట్టి యుండుటచే మూడవ వంతు ప్రాంతమున నిలుచును. మూడవ వంతు అయినను మూడు రెట్ల పాఠకులకు అదే గొట్టము సరిపోవును.

రెండవ లోపము మొదటిదానికంటె వింతైనది. పుట పుటకు ఒక దస్త్రము చొప్పున పంపుట స్వతహాగా పొదుపైన ఏర్పాటు. నిఘంటువులో ఒక మాట చూడవలసినవానికి ఒక పుట చాలును. అయితే నాటి బ్రౌజర్లలో చాలవరకు టిఫ్ దస్త్రమును చూపలేవు. దానికొక ప్రత్యేకమైన ఉపాంగమును చేర్చుకొనవలెను. అది తెలియనివారికి తెల్లని పుట కనబడినది. విసిగిన ఔత్సాహికులు పుస్తకములోని పుటలన్నిటిని వరుసగా దింపి కుట్టు చిన్న ప్రోగ్రాములు వ్రాసి పంచినారు. వారిని తప్పు పట్టలేము. ఫలితమేమి? ఒక్క పద్యము కావలసినవాడు కూడ 200 పుటలు, అనగా 20 మెగాబైట్లు, దింపుకొన్నాడు. పొదుపు కొరకు చేసిన అమరిక, తెరమీద ఒక పుటను చూపలేకపోవుటచే, దుబారాకు దారి తీసినది. బ్యాండ్‌విడ్తు వ్యయము సర్వరులోనే నిర్ణయమగునని తలంచువారికి ఇది మంచి ఉదాహరణము. చదువరికి కష్టమైన పుట సర్వరునకు కూడ భారమే.

తరువాతి కాలమున ఆ సైట్లు మూతపడినవి. దానికి గ్రంథస్వామ్యపు చిక్కులు కారణముగా చెప్పబడినవిగాని బ్యాండ్‌విడ్తు కాదు. లక్షల పుస్తకముల ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవునకు చేరి బ్రతికినవి. అక్కడ పుస్తకమును తెరమీద పుటపుటగా చదువు వసతి యున్నది. మనవారు మాత్రము అలవాటుచొప్పున మొత్తము పి.డి.ఎఫ్.నే దింపుకొని, వాట్సాపులో ఒకరికొకరు పంపుకొనుచున్నారు!

ఛాయాచిత్రమును వదలి అక్షరమునే పంపినచో ఏమగును? తెలుగున 250 మాటల పుటలో సుమారు 1,750 సంకేతములు, 250 ఖాళీలు ఉండునని అనుకొందము. నేడు వాడుకలోనున్న యు.టి.ఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరమునకు 1 బైటు, తెలుగు సంకేతమునకు 3 బైట్లు పట్టును. పై పుటకు 5,500 బైట్లు. ఛాయాచిత్రమునకు పట్టిన 1,00,000 బైట్లతో పోల్చినచో పదునెనిమిదవ వంతు. ఇక్కడ తెలుగువారు ఒక ఫిర్యాదు చేయుట కలదు. ఇంగ్లీషున ‘తెలుగు’ అను మాట వ్రాసినచో 6 బైట్లు, తెలుగున వ్రాసినచో 18. ‘స్త్రీ’ అను ఒక్క అక్షరమే స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘము అని ఆరు సంకేతములుగా విడిపోయి 18 బైట్లు తినును. ఇది మన భాషపై వేసిన మూడింతల పన్ను కాదా?

ఫిర్యాదు సగము నిజము. ‘తెలుగు’ అను మాటలోని బైట్లను సంఖ్యలుగా వ్రాసి చూచినచో మిగిలిన సగము తెలియును: 224, 176, 164, 224, 177, 134, 224, 176, 178, 224, 177, 129, 224, 176, 151, 224, 177, 129. ప్రతి మూడింటిలోను మొదటిది 224. అది తెలుగు సంకేతములన్నిటికి సమానము. రెండవది 176 గాని 177 గాని తప్ప మరియొకటి కానేరదు. అసలు వార్తలో చాలభాగము మూడవ బైటులోనే యున్నది. మొదటి రెండును, ప్రతి ఉత్తరముపైన వ్రాయు ఊరి పేరు వంటివి. పదే పదే వచ్చునదానిని అదుముట సులభము. లెంపెల్, జివ్ అను శాస్త్రజ్ఞులు 1977లో చెప్పిన ఉపాయము, హఫ్మన్ 1952లో చెప్పిన సంకేతవిధానము కలిపి చేసిన ‘జిజిప్’ అను అదుము యంత్రము చాల సర్వర్లలో సిద్ధముగా నున్నది. మొదటిది, ముందు వచ్చిన వరుస మరల వచ్చినచో ‘ఇంత వెనుక చూడుము’ అని మాత్రము వ్రాయును. రెండవది, తరచుగా వచ్చుదానికి పొట్టి గుర్తును, అరుదుగా వచ్చుదానికి పొడుగు గుర్తును ఇచ్చును. తెలుగు పాఠము దీనితో నాలుగవ వంతు ప్రాంతమునకు దిగును. మూడింతల పన్నులో ఎక్కువ భాగము తిరిగి చేతికి వచ్చినట్లే. అయితే ఆ యంత్రము నడవవలెను. సర్వరు అమరికలో ఆ ఒక్క మాట వ్రాయనివారు పన్ను మొత్తము కట్టుచున్నారు. మరియొకటి: ఇదివరకే అదిమిన ఛాయాచిత్రములను మరల జిజిప్‌లో వేయుట పిండిన చెరకును మరల పిండుట వంటిది.

200 పుటల పుస్తకము ఛాయాచిత్రముగా 20 మెగాబైట్లు. అదిమిన పాఠముగా సుమారు 280 కిలోబైట్లు. నెలకు 1 టెరాబైటులో మొదటివిధముగా 50,000 పుస్తకములు, రెండవవిధముగా 35 లక్షల పుస్తకములు పంపవచ్చును. వాడపల్లి శేషతల్పశాయి, కాలెపు నాగభూషణరావు నెలకొల్పిన ఆంధ్రభారతి కావ్యములను, నిఘంటువులను పాఠముగా అందించుచు ఈ రెండవ మార్గమును తొక్కినది. టైపు చేయుట, దిద్దుట అను శ్రమ ముందు పడినారు. ఆ శ్రమఫలము ప్రతి పాఠకునికి పంపునపుడెల్ల లభించుచున్నది. డిజిటల్ లైబ్రరీ ఆ పని ఏల చేయలేదని నిలదీయుట న్యాయము కాదు. 2003లో అచ్చు తెలుగును నమ్మదగినట్లు చదువగల యంత్రము లేదు. వత్తులు, గుణింతములు గల లిపిని ముక్కలు చేయుట కష్టము. నేడు ఆ యంత్రములు చాలవరకు మెరుగైనవి. తప్పులు మాత్రము మనుష్యుడే దిద్దవలెను.

పాఠముతోపాటు ఫాంటును పంపు ఫ్యాషనును గూర్చి ఒక్క మాట. తెలుగు ఫాంటులో సంయుక్తాక్షరముల రూపములు వందలకొలది యుండుటచే అది తరచుగా 100 కిలోబైట్లు దాటును. 2 కిలోబైట్ల పాఠమునకు అలంకారము కొరకు 100 కిలోబైట్లు! నేటి ఫోన్లలో తెలుగు ఫాంటు ఎట్లును ఉన్నది.

ఇక ఉన్నత పాఠశాలల వారికి అన్నిటికంటె సన్నిహితమైన ఉదాహరణము పదవ తరగతి ఫలితములు. ఆంధ్రప్రదేశమున ఏటా సుమారు 6 లక్షలమంది ఈ పరీక్ష వ్రాయుచున్నారు. ఒక్కొక్కరి ఫలితమును విద్యార్థి, తలిదండ్రులు, ఉపాధ్యాయులు కలిసి మూడుసార్లు చూచిరనుకొందము. మొత్తము 18 లక్షల చూపులు. సగము మొదటి గంటలోనే. ఆ పుటకు బొమ్మలు, ప్రకటనలు తగిలించి 1 మెగాబైటు చేసినచో ఆ గంటలో 9 లక్షల మెగాబైట్లు పోవలెను. అనగా సెకనుకు 2,000 మెగాబిట్లు. 1,000 మెగాబిట్ల గొట్టము గల సర్వరు చాలదు. గోపాలపట్నములో ఫోను పట్టుకొన్న పిల్లవానికి తిరుగు చక్రము మాత్రము కనబడును. అదే పుటను పేరు, సంఖ్య, ఆరు మార్కులు గల 10 కిలోబైట్ల కాగితముగా చేసినచో సెకనుకు 20 మెగాబిట్లు చాలును. నూరు రెట్ల భేదము పుట వ్రాసినవాని చేతిలో ఉన్నదిగాని గొట్టము అమ్మువాని చేతిలో లేదు.

ఇందులో ఒక తమాషా యున్నది. నూటికి అయిదు కొలతలను కొట్టివేయు ఒప్పందములో ఫలితముల దినపు రద్దీ 36 గంటలలో ముగియును గనుక దానికి వెల పడదు. గిగాబైట్ల ఒప్పందములో ప్రతి చూపునకు పడును. ఏడాదికి రెండు మూడు దినములు మాత్రమే క్రిక్కిరియు సైటునకు మొదటి ఒప్పందము లాభము. పాఠశాల వేళలలో దినమునకు ఆరు గంటలు సమముగా నడచు పాఠ్యపుస్తకముల సైటునకు ఆ క్షమ ఉపయోగింపదు. నెలకు 25 పనిదినములలో 150 గంటలు రద్దీయే. గొట్టము వెడల్పు చాలనిచో ఏ ఒప్పందమైనను చక్రము తిరుగుట మానదు. 2025లో ప్రభుత్వము ‘మన మిత్ర’ అను వాట్సాపు సేవద్వారా కూడ ఫలితములిచ్చినది. ఇంజనీరు దృష్టిలో దాని గుణము పొట్టి సందేశమగుటయే.

బ్యాండ్‌విడ్తు చౌకయైనది కదా, ఈ పిసినారి లెక్కలు దేనికని కొందరందురు. చౌకయైన మాట నిజమే. 2016లో జియో వచ్చినప్పటినుండి చందాదారునికి గిగాబైటు ఖర్చు ఎంతగా పడిపోయినదో అందరెరుగుదురు. 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖపట్టణమున అయిదేండ్లలో 1,500 కోట్ల డాలర్లతో డేటా కేంద్రమును, సముద్రగర్భపు తీగలు ఒడ్డు చేరు ద్వారమును నిర్మింతుమని ప్రకటించినది. తీగ మన ఒడ్డున తేలినచో దూరము తగ్గును, ఆలస్యము తగ్గును. పుట బరువు మాత్రము తగ్గదు. చౌక అను వాదము అమ్మువాని బజారును చూచి చెప్పునదేగాని, ప్రకటనలు వేయక చందాలతో నడచు గ్రంథాలయపు పద్దును చూచి చెప్పునది కాదు.

పైగా చదువువారు ఇప్పుడు మనుష్యులొక్కరే కారు. కృత్రిమ మేధను తర్ఫీదు చేయువారి యంత్రములు సైట్లనన్నిటిని తుడిచిపెట్టినట్లు దింపుకొనుచున్నవి. బొమ్మలు, శబ్దములు మొదలగువాని కొరకు తమ బ్యాండ్‌విడ్తు 2024 జనవరినుండి నూటికి 50 పెరిగినదని వికీమీడియా సంస్థ 2025 ఏప్రిల్‌లో తెలిపినది. అన్నిటికంటె ఖర్చైన రాకపోకలలో నూటికి 65 వంతులు ఈ యంత్రములవేనట. కారణము తెలిసికొనదగినది. ఎక్కువమంది చూచు పుటలను వికీమీడియా పాఠకులకు దగ్గరి ఊళ్లలో దాచియుంచును. 2018నుండి ఆసియావారికి సింగపూరులో అట్టి గిడ్డంగి యున్నది. మనుష్యులు ప్రాయికముగా ప్రసిద్ధమైన పుటలనే చూతురు. అవి గిడ్డంగిలోనే దొరకును. యంత్రము ఎవరును తాకని పుటలను కూడ వరుసగా అడుగును. ప్రతిసారి అసలు కొట్టు తలుపు తీయవలెను. ప్రాచీన గ్రంథముల సైటునకు ఈ బాధ మరింత ఎక్కువ. అందు పుటలలో హెచ్చుభాగము ఎవరును తాకనివే. అయినను వాని కొక వరమున్నది. 1930లో అచ్చైన పుట ఇక మారదు. ‘ఏడాదివరకు మరల అడుగనక్కర లేదు’ అని ఒక్క వరుస సర్వరు తన జవాబులో చేర్చినచో, చదువరి ఫోను దాచుకొన్న ప్రతినే మరల చూపును. మార్పు లేని పుటలకు ఈ వరుస చేర్చకపోవుట మన సైట్లలో సాధారణమైన అలక్ష్యము.

రెండు మార్గములను కలిపిన నమూనా తెలుగు వికీసోర్సులో చూడవచ్చును. అక్కడ దిద్దువారికి ఒక ప్రక్క పాత పుట ఛాయాచిత్రము, మరియొక ప్రక్క యంత్రము చదివిన పాఠము ఉండును. సామాన్య పాఠకునికి దిద్దిన పాఠము మాత్రము పోవును. అనుమానము వచ్చినవాడు ఛాయాచిత్రమును అడిగి తెప్పించుకొనును. దిద్దువారు చాలక పని నెమ్మదిగా సాగుచున్నది. ఉన్నత పాఠశాలలో కంప్యూటరు గది యున్నచో ఈ భేదమును ఒక పీరియడులో కొలువవచ్చును. బ్రౌజరులో ఎఫ్12 మీట నొక్కి ‘నెట్‌వర్క్’ అను భాగమును తెరచినచో తీగపై వచ్చిన బైట్లు, విప్పిన తరువాతి బైట్లు వేర్వేరుగా కనబడును. ఒకే శతకమును వికీసోర్సులో ఒకమారు, ఆర్కైవులోని పుటల బొమ్మలుగా ఒకమారు, మొత్తము పి.డి.ఎఫ్.గా ఒకమారు తెరచి, మూడు అంకెలను నల్లబల్లపై వ్రాయవలెను. పిదప మొదటి పుటను మరల తెరచినచో నాలుగవ అంకె వచ్చును. అది మొదటిదానికంటె ఎంత తగ్గినదో విద్యార్థులే చెప్పగలరు.